ఇంటి వయసెంత? తీగ వయసెంత?

రూవీలో మేము అద్దెకుంటున్న ఫ్లాటులోని సామాన్లకి ఇన్సూరెన్సు చేయిద్దామని ఓ కంపెనీకి ఫోన్ చేశాను. వాళ్ళు పంపిన ఫారం నింపుతూ నింపుతూ రెండు ప్రశ్నల దగ్గర ఆగిపోయాను. "భవనం ఏ సంవత్సరంలో కట్టారు?", "ఎలక్ట్రికల్ వైరింగు చివరిసారి ఎప్పుడు పరీక్ష చేయించారు?" అని. మొదటిదానికి జవాబు కోసం మా నాతూర్ దగ్గరికెళ్ళాను. నాతూర్ అంటే ఇక్కడ వాచ్‌మేన్. మలబారు వైపు పెద్దాయన. "నేనొచ్చేటప్పటికే ఇది పాత బిల్డింగు సార్" అన్నాడు. రెండో ప్రశ్న చదివి వినిపిస్తే నవ్వేసి టీ తాగుతారా అని అడిగాడు.

అసలు ఇన్సూరెన్సు మీదికి నా బుద్ధి ఎందుకు పోయిందో కూడా చెప్పాలి. అంతకు వారం ముందు అర్ధరాత్రి పడగ్గదిలో చేపల వాసన లాంటిదేదో వచ్చింది. మా ఆవిడ వంటింటికెళ్ళి చూసొచ్చి, అక్కడేమీ లేదంది. పొద్దున్నే ఎలక్ట్రీషియన్ వచ్చి ఏసీ సాకెట్ విప్పితే, వెనకాల బేకలైటు మాడి ఉంది. తీగ మీది ప్లాస్టిక్ తొడుగు వేలితో తాకితే వేయించిన అప్పడంలా పొడిపొడిగా రాలింది. "ఇంకో వారం ఆగుంటే..." అని ఆ కుర్రాడు వాక్యం పూర్తి చెయ్యలేదు.

ఫ్యూజు ఎందుకు పోలేదు? నేను రోజూ సాఫ్టువేరులో తప్పులు వెతికే వాణ్ణి కనక ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. జవాబు చాలా చిన్నది. ఫ్యూజు చూసేది కరెంటు ఎంత పోతోందనే. స్క్రూ వదులైన చోట కరెంటు పెరగదు, వేడి పెరుగుతుంది. ఏసీ 10 ఆంపియర్లు లాగుతోందనుకోండి, వదులైన జాయింటు దగ్గర ఓ ఓము‌లో పదో వంతు నిరోధం వచ్చిందనుకోండి. 10 ఇంటూ 10 ఇంటూ 0.1, అంటే 10 వాట్లు. పెద్ద లెక్కేం కాదు. కానీ ఆ 10 వాట్లూ బియ్యపు గింజంత చోట, గోడలో, గాలాడకుండా, రోజుకి పద్దెనిమిది గంటలు. ఫ్యూజు దృష్టిలో అంతా సవ్యంగానే ఉంది!

సరే, వైరింగు పాతబడటం గురించి చదువుతూ పోతే ఆ తోవ నన్ను మస్కట్ చరిత్రలోంచి 1882 లండన్‌కీ, అక్కణ్ణుంచి రాజమండ్రిలో మా నాన్నగారి ఇంటికీ తీసుకెళ్ళింది. ఆ ప్రయాణమే ఇది.

*

ఒమాన్‌లో పాత ఇల్లు అంటే ఏమిటి? లండన్‌లో అయితే నూరేళ్ళ ఇల్లు మామూలు. ఇక్కడ లెక్క వేరు. 1970 జూలై 23న సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కేనాటికి దేశం మొత్తం మీద తారు రోడ్డు సుమారు పది కిలోమీటర్లు. బడులు మూడు. పాత మస్కట్ కోట గుమ్మాలు పొద్దుగూకిన మూడు గంటలకి మూసేసేవారు, ఆ తర్వాత వీధిలో నడవాలంటే చేతిలో లాంతరు ఉండాల్సిందే. కరెంటు అనేది ఏ కొద్ది చోట్లో ఉండేది. అంతకు కొద్ది నెలల ముందు దాకా చెలామణీలో ఉన్న డబ్బు మన రిజర్వు బ్యాంకు అచ్చేసిన గల్ఫు రూపాయి. సామాను చాలావరకు బొంబాయి నుంచి పడవల మీద వచ్చేది.

ఇప్పుడు మేమున్న రూవీ లోయలో అప్పట్లో విమానాలు దిగేవి. బైత్ అల్ ఫలజ్ కోట పక్కన ఉన్న ఆ రన్‌వేని, 1973లో సీబ్‌లో కొత్త విమానాశ్రయం తెరిచాక వదిలేశారు. ఆ తర్వాతే రూవీలో బ్యాంకులూ, దుకాణాలూ, వాటి మీద మూడంతస్తుల ఫ్లాట్లూ లేచాయి. 1976లో గుబ్రాలో సముద్రపు నీటిని మంచినీరుగా మారుస్తూ కరెంటు కూడా తీసే కేంద్రం మొదలైంది. అంటే మస్కట్ నగరానికి ఇంటింటికీ కరెంటు అన్న మాట మొదలై యాభై ఏళ్ళు. ఆ మొదటి విడతలో వేసిన తీగలకీ ఇప్పుడు యాభై ఏళ్ళే. మనిషికి యాభై ఏమంత వయసు కాదు గానీ, ప్లాస్టిక్ తొడుగున్న తీగకి, అందులోనూ ఈ ఎండల్లో, అది షష్టిపూర్తి దాటిన లెక్క.

ఎండ సంగతి అంకెల్లో చెబుతాను. మామూలు పీవీసీ తీగ లోపలి రాగి 70 డిగ్రీలు దాటకూడదు. బ్రిటిష్ పట్టికల్లో దాని మోత చుట్టూ గాలి 30 డిగ్రీలుందనే లెక్కతో ఇస్తారు. గాలి 50 డిగ్రీలైతే ఆ మోతని 0.71తో గుణించాలి. అంటే 24 ఆంపియర్లు మోసే తీగ, మేడ మీద ఎండలో కాలే గొట్టంలో ఉంటే 17 మాత్రమే మోస్తుంది. పాత విండో ఏసీ టన్నున్నరది 8, 9 ఆంపియర్లు లాగుతుంది. రెండు ఏసీలు ఒకే తీగ మీద వేస్తే అక్కడికే హద్దు దాటింది. పోనీ రాత్రయితే చల్లబడుతుందా అంటే, 2018 జూన్ 26న మస్కట్‌కి దగ్గర్లోని ఖురియాత్‌లో రోజు మొత్తం మీద నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రత 42.6 డిగ్రీలు. కనిష్ఠం! తీగకి నిద్ర లేదు.

దానికి తోడు కరెంటు కారుచౌక. 2020 దాకా ఇళ్ళకి మొదటి 3000 యూనిట్లూ యూనిట్ 10 బైసలే. ఏసీ ఆపాలన్న ఆలోచన ఎవరికొస్తుంది? ఊరెళ్తూ కూడా ఏసీ వేసి వెళ్ళే మహానుభావులు నాకు తెలుసు.

2007 జూన్‌లో వచ్చిన గోను తుఫాను ఇంకో కథ. వాదీలు పొంగి కింది అంతస్తుల్లో సాకెట్ల పైదాకా నీళ్ళు నిలిచాయి. నీళ్ళు పోయాయి, గోడలు ఆరాయి, మళ్ళీ రంగులేశారు. కానీ ఉప్పు, బురద చేరిన సాకెట్టు లోపల రాగి నెమ్మదిగా పచ్చబడుతూ ఉంటుంది. ఆ పచ్చదనమే పదేళ్ళ తర్వాత నేను పైన చెప్పిన 10 వాట్ల వేడి.

2004లో వచ్చిన రాజశాసనంతో (78/2004) కరెంటు రంగాన్ని సంస్కరించి, 2005 నుంచి పంపిణీని కంపెనీల చేతికిచ్చారు. ఇళ్ళ వైరింగుకి బ్రిటిష్ పద్ధతిలో రాసుకున్న ఒమాన్ ఎలక్ట్రికల్ స్టాండర్డ్సు ఉన్నాయి. కొత్త ఇంటికి కనెక్షన్ ఇచ్చేటప్పుడు తనిఖీ ఉంటుంది. చిక్కంతా ఆ తర్వాతే. మీటరు దాకా కంపెనీది, మీటరు దాటాక ఇంటి యజమానిది. యజమాని ఉండేది ఇంకెక్కడో. లోపల ఉండేది మనం.

"మనం" అంటే నా బోటి ఫ్యామిలీ వీసా వాళ్ళే కాదు. ఇదే రూవీలో, వాదీ కబీర్‌లో పాత ఇళ్ళని ప్లైవుడ్డు పలకలతో గదులు గదులుగా విడగొట్టి, మంచానికింత అని అద్దెకిస్తారు. కడప నుంచి, కరీంనగర్ నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు ఒక్కో గదిలో ఆరుగురు, ఎనిమిది మంది. ఒక సాకెట్టు, దాని మీద ఎక్స్‌టెన్షన్ బోర్డు, దాని మీద ఇంకోటి, చివర ఇండక్షన్ పొయ్యి. వాళ్ళకి ఇన్సూరెన్సు ఫారం ఎవరూ పంపరు. కాలితే పాస్‌పోర్టు, ఊరికి పంపాలని దాచుకున్న రియాళ్ళు, ఒక్కోసారి మనిషి.

*

ఇక్కడో పిట్టకథ. మనవాళ్ళు ఊరినుంచి తెచ్చే మిక్సీకీ, గ్రైండరుకీ గుండ్రటి పిన్నులు. అవి 1934లో వచ్చిన పాత బ్రిటిష్ ప్రమాణం వారసులు. ఇక్కడి సాకెట్టుకి చదరపు పిన్నులు. అది 1947 నాటి బ్రిటిష్ ప్రమాణం. మనం స్వాతంత్ర్యం తెచ్చుకున్న ఏడాదే వాళ్ళు ప్లగ్గు మార్చుకున్నారు, మనం పాతదాన్నే ఉంచేసుకున్నాం :-)

ఆ చదరపు ప్లగ్గు వెనక ఆలోచన గొప్పది. యుద్ధం వల్ల రాగికి కరువొచ్చింది. అందుకని గది గదికీ వేరే తీగ లాగకుండా, ఇంటి చుట్టూ ఒకే తీగని ఉంగరంలా తిప్పి, దాని మీదే సాకెట్లన్నీ పెట్టారు. అప్పుడు బోర్డులోని ఫ్యూజు 30 ఆంపియర్లది ఉండాలి. మరి టేబుల్ ల్యాంపు సన్న తీగని కాపాడేదెవరు? ప్లగ్గులోపలే 3 ఆంపియర్లదో 13 ఆంపియర్లదో ఓ చిన్న ఫ్యూజు పెట్టారు. పిల్లలు వేళ్ళు పెట్టకుండా సాకెట్టుకి తలుపులు పెట్టారు, పొడుగ్గా ఉండే ఎర్త్ పిన్ను దూరితే గాని ఆ తలుపులు తెరుచుకోవు. దీనికి దారితీసిన ఇరవై మంది కమిటీలో ఒకే ఒక్క మహిళ, ఇంజనీరు కరొలైన్ హాస్లెట్.

మరి మనమేం చేస్తాం? ఎర్త్ కన్నంలో బాల్‌పెన్ను దూర్చి, తలుపులు తెరిచి, ఊరినుంచి తెచ్చిన రెండు పిన్నుల ప్లగ్గుని అందులోకి తోసేస్తాం. నేనూ తోశాను, దాచుకునేదేముంది. ఆ క్షణంలో ఎర్తూ పోయింది, ప్లగ్గులోని ఫ్యూజూ పోయింది. చిటికెనవేలంత లేని తీగకి కాపలా ఇక ఆ 30 ఆంపియర్ల ఫ్యూజే. తీగ మంటలో ఉన్నా అది కదలదు.

రంగుల గొడవ ఇంకొకటి. పాత బ్రిటిష్ పద్ధతిలో, మన పద్ధతిలో కూడా, ఎరుపు పసుపు నీలం మూడు ఫేజులు, నలుపు న్యూట్రల్. 2004లో బ్రిటన్‌ యూరపు పద్ధతికి మారింది. 2006 ఏప్రిల్ నుంచి అదే తప్పనిసరి. కొత్త పద్ధతిలో నీలం న్యూట్రల్, నలుపు ఒక ఫేజు. సరిగ్గా తలకిందులు! పాత తీగకి కొత్త తీగ అతికిన ఇంట్లో రంగుని నమ్మి చెయ్యి పెట్టినవాడి గతి ఊహించుకోండి. అందుకే టెస్టరు పెట్టకుండా రంగుని నమ్మకు అని పాత మేస్త్రీలు చెప్పేది.

*

ఇక ఇన్సూరెన్సు వాళ్ళ సంగతి. వాళ్ళు వైరింగు గురించి అడగటం ఈమధ్య వచ్చిన పోకడనుకున్నాను. కాదు. అసలు ప్రపంచంలో వైరింగుకి రూల్సు రాసిన మొదటివాళ్ళలో ఇన్సూరెన్సు వాళ్ళున్నారు. 1882లో లండన్‌లోని ఫీనిక్స్ ఫైర్ ఆఫీస్ అనే అగ్ని బీమా కంపెనీ తరఫున మస్‌గ్రేవ్ హీఫీ అనే ఇంజనీరు విద్యుద్దీపాలకి నియమాలు రాశాడు. అదే ఏడాది టెలిగ్రాఫ్ ఇంజనీర్ల సంఘం కూడా తన నియమాలు ప్రకటించింది. వాటి పేరులోనే "అగ్ని ప్రమాదాల నివారణ" ఉంది. ఇప్పటి బ్రిటిష్ వైరింగు నియమాలకి, వాటి మీదుగా మన నియమాలకీ, ఒమాన్ నియమాలకీ ముత్తాత ఆ కరపత్రమే.

అదే 1882లో న్యూయార్క్‌లో జె.పి.మోర్గన్ అనే బ్యాంకరు తన ఇంటికి ఎడిసన్ దీపాలు పెట్టించుకున్నాడు. ఆ తర్వాత ఆయన లైబ్రరీలో బల్ల దగ్గరి తీగ అంటుకుని బల్లా తివాచీ కాలాయి. అంత ధనవంతుడింట్లోనే అలా ఉంటే మామూలువాళ్ళ మాటేమిటి? 1893లో చికాగో ప్రదర్శనలో ఎక్కడ చూసినా కరెంటు దీపాలే. బీమా కంపెనీలకి గుండెల్లో రాయి పడింది. తనిఖీకి విలియం మెరిల్ అనే కుర్ర ఇంజనీరుని పంపారు. అతను 1894లో పెట్టిన పరీక్షశాలే అండర్‌రైటర్స్ లాబొరేటరీస్. మీ ల్యాప్‌టాప్ చార్జరు తిరగేసి చూడండి, యూఎల్ అన్న గుర్తు కనిపించవచ్చు. అది ఒకప్పటి బీమావాళ్ళ భయం వేసిన ముద్ర. అమెరికా జాతీయ ఎలక్ట్రికల్ కోడ్ 1897లో వచ్చింది.

ఈ రోజుక్కూడా అమెరికాలో పింగాణీ ముడుల మీద తీగలు లాగిన నూరేళ్ళనాటి ఇళ్ళకీ, 1965-73 మధ్య రాగి ఖరీదై అల్యూమినియం తీగ వేసిన ఇళ్ళకీ పాలసీ ఇవ్వటానికి చాలా కంపెనీలు వెనకాడతాయి. ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్ తెమ్మంటాయి, లేదా తీగలు మార్చమంటాయి.

ఫారంలో "తెలియదు" అని రాసేస్తే పోలేదా అని నాకూ అనిపించింది. కానీ బీమా ఒప్పందం మామూలు కొనుగోలు లాంటిది కాదు. 1766లో ఇంగ్లండులో కార్టర్, బోమ్ అనేవాళ్ళ మధ్య ఓ కేసు నడిచింది. సుమత్రాలో ఓ ఈస్టిండియా కంపెనీ కోటకి గవర్నరు కార్టరు. కోట శత్రువుల పాలైతే నష్టం రాకుండా బీమా చేయించాడు, ఫ్రెంచివాళ్ళు వచ్చి కోట పట్టుకున్నారు. కోట బలహీనమని నాకు ముందే చెప్పలేదన్నాడు బీమా ఇచ్చిన బోము. లార్డ్ మాన్స్‌ఫీల్డ్ తీర్పు కార్టరుకే అనుకూలంగా వచ్చింది గానీ, ఆ తీర్పులో చెప్పిన సూత్రం నిలిచిపోయింది. ప్రమాదం గురించి ఎక్కువ తెలిసినవాడు బీమా చేయించుకునేవాడే, కాబట్టి అతను దాపరికం లేకుండా చెప్పాలి. మన దేశంలో ఇప్పటికీ బీమాకి పునాది ఈ పరమ విశ్వాసమే. మాడిన సాకెట్టు చూసి కూడా "వైరింగు బాగుంది" అని రాస్తే, రేపు క్లెయిము రోజున ఆ వాక్యమే మన మెడకి చుట్టుకుంటుంది.

నేను ఉన్నదున్నట్టు రాశాను. సర్వేయరు వచ్చి చూశాడు. తీగలు మారిస్తే ఇస్తామన్నారు. ఆ కాగితం చూపించాకే ఇంటి ఓనరు తరఫు మనిషి కదిలాడు. నా మాటకి కదలనివాడు ఇన్సూరెన్సు మాటకి కదిలాడు. 1882లో జరిగిందీ ఇదే కదా అనుకున్నాను.

*

ఇక్కడితో అయిపోయేదే. కానీ 2025 మే 18 ఆదివారం పొద్దున హైదరాబాదు గుల్జార్ హౌజ్ వార్త వచ్చింది. చార్మినార్‌కి కూతవేటు దూరంలో, కింద దుకాణాలూ పైన కాపురాలూ ఉన్న పాత ఇల్లు. సన్నటి దారి తప్ప బయటికి వేరే తోవ లేదు. పదిహేడు మంది పోయారు, అందులో ఎనిమిది మంది చిన్నపిల్లలు. షార్ట్ సర్క్యూట్ కారణం కావచ్చని అధికారులు ప్రాథమికంగా చెప్పారు. సెలవులకి పిల్లలు చేరిన ఇల్లు. ఆ రాత్రి నాకు మా ఇల్లు గుర్తొచ్చింది.

మా ఇల్లు రాజమండ్రిలో 1964లో కట్టారు. 1955లో మాచ్‌ఖండ్ నుంచి కరెంటు రావడం మొదలయ్యాక కోస్తా ఊళ్ళల్లో లేచిన ఇళ్ళలాంటిదే. టేకు బద్దీల మీద రబ్బరు తొడుగు తీగలు, గుండ్రటి నల్ల స్విచ్చిలు, పింగాణీ ఫ్యూజులు. నాలుగు దీపాలు, రెండు ఫ్యాన్లు, ఓ రేడియో కోసం వేసిన వైరింగు అది. దాని మీదికి నేను మస్కట్ డబ్బుతో ఏమేం ఎక్కించానో లెక్కేసుకున్నాను. ఫ్రిజ్, గీజరు, వాషింగ్ మెషిన్, ఇన్వర్టరు, చివరికి 2009లో ఏసీ. ఒక్కోటి పంపినప్పుడల్లా అమ్మానాన్నల్ని సుఖపెడుతున్నాననుకున్నాను. తీగ మాత్రం అదే.

నాన్నగారికి ఫోన్ చేశాను.

"నాన్నగారూ, వైరింగు అంతా మార్పిద్దాం."

"ఎందుకురా? అరవై ఏళ్ళుగా వెలుగుతున్న దీపం అది. ఫ్యూజు పోతే నేనే వేస్తున్నాను కదా."

"ఏ తీగతో వేస్తున్నారు?"

"ఏదో ఓ రాగి పోగు. ఇంతకుముందు సన్నది వేస్తే ఊరికే పోయేది. లావుది వేశాక ఒక్కసారి పోలేదు. నువ్వు ఏసీ పంపాకే కదరా ఈ గొడవంతా."

తప్పెవరిదో ఆయన ఒక్క మాటలో తేల్చేశారు. నేనేం మాట్లాడలేకపోయాను.

మరుసటి వారం ఊరి ఎలక్ట్రీషియన్ మెగ్గర్ తెచ్చాడు. తీగ తొడుగు ఎంత గట్టిగా ఉందో 500 వోల్టులు పెట్టి చూసే పరికరం అది. కనీసం ఒక మెగా ఓము చూపించాలి. పడగ్గది తీగ అందులో ఇరవయ్యో వంతు చూపించింది. "మాస్టారూ, ఇది తీగ కాదండి, వత్తి" అన్నాడట. బళ్ళో సైన్సు చెప్పిన మనిషి కనక ఆ అంకె చూశాక నాన్నగారు ఇంకేం వాదించలేదు.

ఇంటికి బీమా కూడా చేయించాం. మన దేశంలో 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని కంపెనీలూ ఇవ్వాల్సిన భారత్ గృహ రక్ష అనే ప్రామాణిక పాలసీ ఉంది. ఇంటికి తీసుకుంటే సామాన్లకి కూడా ఇంటి మొత్తంలో 20 శాతం, పది లక్షలు మించకుండా, దానంతటదే వస్తుంది. అందులో చదవాల్సిన మెలిక ఒకటుంది. షార్ట్ సర్క్యూట్ వల్ల పాడైన ఆ యంత్రానికి డబ్బు రాదు. దాన్నుంచి మంట పాకి కాలిన మిగతావాటికి వస్తుంది. ఏసీ మాడితే మన ఖర్చు, ఏసీ ఇంటిని కాలిస్తే వాళ్ళ ఖర్చు. అయినా బీమా ఇచ్చేది డబ్బే. గుల్జార్ హౌజ్‌లో పోయినవి డబ్బుతో తిరిగొచ్చేవి కాదు.

కొత్త వైరింగు అయ్యాక నాలుగో రోజు పొద్దున్నే నాన్నగారి ఫోను. కోపంగా ఉన్నారు.

"ఏం పెట్టించావురా ఇది? మీ అమ్మ గ్రైండరు వేసినప్పుడల్లా ఇల్లంతా కరెంటు పోతోంది. పాతదే నయం."

వెనకనుంచి అమ్మ గొంతు వినిపించింది. "ఆ గ్రైండరు ముట్టుకుంటే ఎప్పట్నుంచో చెయ్యి జివ్వుమంటుందిరా. తడి చెయ్యి కదా అనుకునేదాన్ని."

ఎప్పట్నుంచమ్మా అని అడిగాను. కాస్త ఆలోచించి, "నీ పెళ్ళప్పుడు కూడా ఉన్నట్టుంది" అంది.

కొత్త బోర్డులో పెట్టించిన 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, నేను ఇరవై ఏళ్ళుగా అడగని ప్రశ్న మొదటి నాలుగు రోజుల్లోనే అడిగింది. నాన్నగారు ఇంకా తిడుతూనే ఉన్నారు. గ్రైండరు బయట పారేయించమని చెప్పి, ఆ తిట్లన్నీ ఫోను పెట్టకుండా చివరిదాకా విన్నాను.